లైన్ మీద మా అమ్మాయి

మార్చి 9, ఆదివారం

1–1. గెలవాల్సిన మ్యాచ్. మనవాళ్లు రెండుసార్లు గోల్‌పోస్ట్‌ని కొట్టారు. అదేం పాపం చేసిందో.

పన్నెండు జట్ల లీగ్‌లో మాది పదో స్థానం. చివరి రెండు జట్లూ కింది డివిజన్‌కి పోతాయి. ఇంకొక్క మ్యాచే ఉంది. ఇరవై మూడున, రేవు ఊళ్లో, వాళ్ల గ్రౌండ్‌లో. డ్రా చేసుకున్నా నిలబడతాం. ఓడితే కిందికే.

ఓడం. నేను వెళ్తున్నాను కదా. పంతొమ్మిదేళ్లలో బయటి ఊరి మ్యాచ్ ఒక్కటీ తప్పలేదు. తప్పినవి పెళ్లిరోజులు. ఏడు, ఇంటావిడ లెక్క ప్రకారం. ఆరే అని నా నమ్మకం.

మార్చి 11, మంగళవారం

ఇవాళ మా ఇంట్లో బాంబు పడింది.

అమ్మాయి వారమంతా స్కూల్లో ఆటలు నేర్పుతుంది, సెలవు రోజుల్లో మెడలో విజిల్ వేసుకుని పిల్లల మ్యాచ్‌లకు రిఫరీగా పోతుంది. రెండేళ్లుగా ఇదే వరస. ఇప్పుడు లీగ్ స్థాయికి పరీక్ష నడుస్తోంది. మూడు లీగ్ మ్యాచ్‌లకు లైన్స్‌మన్‌గా పని చేయాలి, ప్రతిదానికీ ఒక అబ్జర్వర్ వచ్చి చూస్తాడు. రెండు అయ్యాయి, పాస్ అయింది. మూడోది ఎక్కడో ఇవాళ ఫోన్ చేసి చెప్పారు.

ఇరవై మూడున. రేవు ఊళ్లో. మా మ్యాచే.

మా నాన్న ఆ జట్టు మనిషండీ అని తను ముందే చెప్పిందట. ఆడతాడా అని అడిగారట. ఆడడు, అరుస్తాడు అని చెప్పిందట. మా రిఫరీల్లో సగం మంది నాన్నలు ఎవరో ఒకరి కోసం అరుస్తూనే ఉంటారు, అది లెక్కలోకి రాదు అని ఫోన్ పెట్టేశారట.

లైన్స్‌మన్‌ల గురించి నేను ఈ పుస్తకంలో రాసినవన్నీ చింపితే అట్టలే మిగులుతాయి. మా స్టాండ్‌లో అరిచే పాట కూడా నేను కట్టిందే. నేను జెండాకి జీతం అంటాను, అందరూ కళ్లకి సెలవు అంటారు. నాకు గడ్డం గీసే బార్బర్ డ్రమ్ మీద మూడు దెబ్బలు వేస్తాడు. పక్క జట్ల వాళ్లు కూడా ఎత్తుకుపోయారు దాన్ని.

రావద్దంటుందేమో అనుకున్నాను. అనలేదు. రా, ఎప్పుడూ ఎలా అరుస్తావో అలాగే అరువు, నేను నీకేమీ కానట్టు ఉండు, నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే అందరికీ అనుమానం వస్తుంది అంది. ఈ పరీక్ష పోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి నాన్నా అని కూడా అంది. ఆ మాట మెల్లిగా అంది.

అదెంత పని అన్నాను. పరాయి వాళ్ల పిల్లల్ని పంతొమ్మిదేళ్లు తిట్టినవాణ్ని, సొంత పిల్లని ఒక్క మధ్యాహ్నం తిట్టలేనా?

మార్చి 12, బుధవారం

ఇంటావిడ నిన్నటి నుంచి నవ్వుతూనే ఉంది. ఎందుకో చెప్పదు.

మార్చి 15, శనివారం

బార్బర్‌కి చెప్పాను. గడ్డం సగం అయ్యాక చెప్పడం నా తప్పు. కత్తి ఆపేసి అద్దంలో నన్ను చూస్తూ నిలబడ్డాడు. నురగ ఆరిపోయింది. ఆ పిల్లకి మొదటిసారి జుట్టు కత్తిరించింది నేనన్నా, నా చేత డ్రమ్ కొట్టించి తిట్టిస్తావా అన్నాడు.

తనే అడిగింది, డ్యూటీ డ్యూటీయే అన్నాను. మరి మనకి వ్యతిరేకంగా జెండా ఎత్తితే అన్నాడు. ఆఫ్‌సైడ్ అయితేనే, బంతి తన్నేసరికే మనవాడు వాళ్ల డిఫెండర్‌ని దాటేసి ఉంటేనే, ఎత్తుతుంది అన్నాను.

పడీ పడీ నవ్వాడు. మనవాళ్లు ఒక్కసారైనా ఆఫ్‌సైడ్‌లో ఉన్నారని నువ్వు ఎప్పుడైనా ఒప్పుకున్నావా అని అడిగాడు. ఉంటే ఒప్పుకునేవాణ్నే. ఉండలేదు మరి.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తే, మీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు కదా అంది ఇంటావిడ. మిగతా సగం గడ్డం ఎవరు గీస్తారు అని కూడా అడిగింది. చూసుకోలేదు.

మార్చి 19, బుధవారం

పెద్ద బజార్లో ఆఫీసుల బిల్డింగ్, లిఫ్ట్ రిపేరుకి పిలిచారు. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య లిఫ్ట్ ఆగిపోయింది. లోపల ముగ్గురు, ఒకావిడ ఏడుస్తోంది. తలుపు దగ్గర నిలబడి, అమ్మా, ఐదు నిమిషాలు, కిందికి దించేస్తాను అన్నాను. అప్పటికి కంట్రోల్ ప్యానెల్ మూత కూడా తీయలేదు. ఎంతసేపు పడుతుందో దేవుడికే ఎరుక. కానీ గట్టిగా చెప్పాలి. లోపలి వాళ్లకి నేను కనిపించను, వినిపించేది నా గొంతే.

ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. బయటికొచ్చి ఆవిడ నా చేతులు పట్టుకుంది. అన్నట్టే ఐదు నిమిషాల్లో దించారు అంది.

మార్చి 22, శనివారం

అమ్మాయి సాయంత్రం రైలుకి వెళ్లింది. వెళ్లే ముందు నల్ల నిక్కరు మూడుసార్లు ఇస్త్రీ చేసింది. నాలుగోసారి చేయబోతుంటే వాళ్లమ్మ ఇస్త్రీ పెట్టె లాక్కుంది.

రేపు 1–0 మనదే. రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 23, ఆదివారం, ఉదయం 6:10

బస్సు కదిలింది. ముప్పై ఒక్క మంది. నాలుగు గంటల దారి, మధ్యలో ఒక పంక్చర్ తప్పదు, ఈ బస్సు జాతకమే అంత.

బార్బర్ నోట్లో నువ్వు గింజ నానదు, అందరికీ తెలిసిపోయింది. కాబట్టి నేనే లేచి నిలబడి చెప్పాను. అవును, ఇవాళ ఒక లైన్ మీద మా అమ్మాయే ఉంటుంది. ఎవరూ మొహమాటపడొద్దు, గొంతు తగ్గించొద్దు, తగ్గిస్తే నాతో పేచీ. చప్పట్లు కొట్టారు. మనిషంటే నువ్వన్నా అన్నారు.

మనిషినే మరి.

మధ్యాహ్నం 2:40

పంక్చర్ అయింది. అయినా టైముకే చేరాం.

మాకిచ్చిన స్టాండ్ నాలుగు చెక్క మెట్లు, అంతే. లైన్‌కి ఇరవై అడుగులు. అవతలి లైన్ మీద ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఇవతలికే వచ్చింది. మా ముందే.

ఎదురు వరసలో బట్టతల ఆయన ఒకడు, ఒళ్లో అట్ట, చేతిలో పెన్ను. అబ్జర్వర్. వాడి మొహం చూస్తే తల్లికి కూడా పదికి ఆరే వేసేలా ఉన్నాడు.

సాయంత్రం 6:30, బస్సులో

ఓడాం. 1–0. కిందికి పోయాం.

వరసగా రాస్తాను.

జుట్టు బిగించి కట్టుకుంది. మేజోళ్లు మోకాళ్ల దాకా. పక్కకి పక్కకి అడుగులేస్తూ, ఒక్కసారిగా తిరిగి పరుగు, మళ్లీ ఆగడం. జెండా ఎప్పుడూ గ్రౌండ్ వైపు చేతిలోనే, ఇటు తిరిగితే ఆ చేతిలోంచి ఈ చేతిలోకి. ఇన్నేళ్లలో ఒక్క లైన్స్‌మన్ చేతులు నేను చూడలేదు. తను మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను తనకేమీ కానట్టే ఉంది. బాగా చేసింది.

ఇరవయ్యో నిమిషంలో త్రో వాళ్లకిచ్చింది. మనదే అది. బార్బర్ నా వైపు చూశాడు. మాటంటే మాటే. లేచి జెండాకి జీతం అన్నాను. ముప్పై మంది కళ్లకి సెలవు అన్నారు. తన మెడ కూడా కదల్లేదు. రెండోసారి అనబోయి నీళ్ల సీసా వెతుక్కున్నాను. పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదులే అనుకున్నాను. నీళ్లు తాగాను. మళ్లీ అనలేదు.

బ్రేక్ అయ్యాక వైపులు మారాయి. లైన్స్‌మన్ మాత్రం మారదు. అంటే ఇప్పుడు మా ఫార్వర్డ్‌లు తన ముందే ఆడాలి. అరవై ఒకటో నిమిషంలో వాళ్లకి పెనాల్టీ. గోల్.

ఎనభై ఏడో నిమిషం. మా లెఫ్ట్ వింగర్‌ని అందరూ లేటు అంటారు. పోస్ట్‌మన్, ప్రాక్టీస్‌కి ఒక్కనాడూ టైముకి రాడు. వాడికి లాంగ్ బాల్ పడింది. గోల్‌కీపర్ పక్కనుంచి తోసేశాడు. నెట్ ఊగింది. డ్రా! నిలబడ్డాం! బార్బర్ నా మీద పడ్డాడు, బార్బర్ మీద ఇంకో ఆరుగురు.

కింద నుంచి లేచేసరికి చప్పుడు లేదు. జెండా పైకి ఉంది. నిటారుగా. రిఫరీ విజిల్ వేసి గోల్‌ని రద్దు చేశాడు.

ఇక చూడాలి మా వాళ్లని. బార్బర్ డ్రమ్ మీద మూడు దెబ్బలు వేసేశాడు, అలవాటు మరి. ముప్పై తలలూ నా వైపు తిరిగాయి, ఎత్తుకోమని. నేను ఎత్తుకోకుండానే వాళ్లు మొదలెట్టారు. నా పాటే, నా వరసే. నేను కట్టని మాటలు కూడా కొన్ని కలిశాయి. అవి ఇక్కడ రాయను.

పై మెట్టెక్కి, లిఫ్ట్ గుంతలోకి అరిచే గొంతుతో అరిచాను. ఆఫ్‌సైడే! నేను సరిగ్గా లైన్‌లో ఉన్నాను. కళ్లారా చూశాను. ఒక అడుగు ముందున్నాడు. ఆ పిల్ల చేసింది రైటు!

పాట ఆగిపోయింది. పంతొమ్మిదేళ్లలో నా నోటి నుంచి ఆ మాట వినలేదు వాళ్లు. తనకీ వినిపించే ఉంటుంది. తల తిప్పలేదు.

బస్సులో నా పక్క సీటు ఖాళీ. ఎప్పుడూ లేదు ఇలా. బార్బర్ దాటి వెళ్తూ, కాకిపిల్ల కాకికి ముద్దు అన్నాడు. నాలుగు అడుగులు పోయి వెనక్కొచ్చి, పంతొమ్మిదేళ్లకి ఒక్క ఆఫ్‌సైడ్ ఒప్పుకున్నావన్నా, అది ఇవాళే దొరికిందా అన్నాడు. వాడి కళ్లల్లో నీళ్లు. జట్టు కోసమే.

నాకూ ఏడుపొస్తోంది. పంతొమ్మిదేళ్ల జట్టు. కానీ అడుగు ముందున్నాడు. నేనేం చేయను.

మార్చి 24, సోమవారం

ఎవరూ ఫోన్ చేయలేదు. లిఫ్ట్ ఆగిపోయిన వాళ్లు తప్ప.

మార్చి 27, గురువారం

లేటు ఇంటికొచ్చాడు. ఉత్తరాల సంచి భుజానే ఉంది. కొట్టడానికొచ్చాడేమో అనుకుని, ఇంటావిడని టీ పెట్టమన్నాను. చేతిలో వేడి కప్పు ఉంటే మనిషి చెయ్యి లేవదు.

కూర్చున్నాడు. నాలుగు రోజులుగా నిద్ర లేదన్నా అన్నాడు. నా లెక్కలో నేను డిఫెండర్ వెనకే ఉన్నాను, అన్యాయం చేశారని కుమిలిపోయాను, ముప్పై రెండేళ్లొచ్చాయి, ఇలాంటి గోల్ నాకు మళ్లీ రాదు అన్నాడు. ఇవాళ బార్బర్ షాపులో విన్నాడట, నేను లైన్‌లో నిలబడి చూసి అడుగు ముందున్నాడని చెప్పానని. మనవాళ్ల ఆఫ్‌సైడ్ జన్మలో ఒప్పుకోని మనిషివి, నువ్వే చూశానంటే ఇంక అది నిజమే, నాకిప్పుడు మనసు కుదుటపడింది అన్నాడు.

నా కళ్లలోకి చూస్తూ, నిజంగా చూశావు కదన్నా అని అడిగాడు.

ఒక అడుగు ముందున్నావు, అన్నాను. చెయ్యి చాపి చూపించాను కూడా.

టీ మొత్తం తాగి, చెయ్యి కలిపి వెళ్లాడు. గుమ్మం దాకా వెళ్లి సాగనంపాను. తిరిగొచ్చేసరికి ఇంటావిడ నన్నే చూస్తోంది. ఏంటి అన్నాను. ఏం లేదు అంది.

ఏప్రిల్ 2, బుధవారం

పాస్! అమ్మాయి లీగ్ లైన్స్‌మన్. ఇక ఎవడికీ అడ్డు చెప్పే అర్హత లేదు.

బట్టతల ఆయన రిపోర్టు చదివి వినిపించింది. పొజిషన్ బాగుంది, పరుగు బాగుంది, ఒక త్రో తప్పు. (మనదే అది. అన్నానా!) చివర్లో రాశాడట, ఎనభై ఏడో నిమిషం నిర్ణయం చాలా కష్టమైనది, సరైనది అని. బంగారంలాంటి మనిషి. ఆయన మొహం గురించి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అన్నం దగ్గర అడిగాను, బంతి తన్నేది అక్కడ, మనిషి పరిగెత్తేది ఇక్కడ, రెండూ ఒక్కసారి ఎలా చూస్తావే అని. ఎవరూ చూడలేరు నాన్నా అంది. బంతిని అసలు చూడదట. కళ్లు లైన్ మీదే ఉంచి, తన్నిన చప్పుడు చెవితో వింటుందట. చప్పుడు వినపడిన క్షణంలో ఎవడు ఎక్కడున్నాడో, అదే లెక్కట. పంతొమ్మిదేళ్లు అరిచాను, ఈ సంగతి నాకు తెలియదు.

అప్పుడు తను అడిగింది. ఎంత ముందున్నాడు అన్నావు నాన్నా, ఆ రోజు?

అడుగు అన్నాను.

భుజం, అంది. భుజం ఒక్కటే దాటింది, మిగతా ఒళ్లంతా డిఫెండర్‌కి సమంగానే ఉంది. ఇరవై అడుగుల దూరంలో మెట్ల మీద నుంచి అది కనిపించదు. నువ్వు ఏం చూశావు?

ఇంటావిడ కూర గిన్నె నా ముందుకు జరిపింది. వడ్డించుకున్నాను. కావాల్సినదానికన్నా చాలా ఎక్కువ వడ్డించుకున్నాను. అమ్మాయి ఇంక అడగలేదు.

ఏప్రిల్ 3, గురువారం, ఉదయం 5:40

ఇరవై మూడో తేదీన రాసింది తప్పు. ఆ గోల్ నేను చూడలేదు. తన్నినవాణ్ని చూడలేదు, లేటుని చూడలేదు, నెట్ ఊగడం కూడా పక్కవాళ్లు లేస్తేనే తెలిసింది. తొంభై నిమిషాలూ నేను చూసింది మా అమ్మాయిని.

ఎవరడిగినా అడుగు ముందున్నాడనే చెప్తాను.