వాటిల్ పూలు ఒత్తిన సీరియల్

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున ఇంగ్లండ్ నుంచి మీ కలం స్నేహితురాలు మార్గరెట్ పంపిన పార్సిల్ వచ్చింది.

మూడొందల ఏళ్ళ కిందట ఇంగ్లిష్ వృక్షశాస్త్రజ్ఞులు మొక్కల్ని కాగితాల మధ్య ఒత్తి, ఉత్తరాలతో పాటు ఒకరికొకరు పంపుకునేవారని, ఆవిడ పరిశోధన వాటి మీదేనని ఎంత మురిసిపోతూ చెప్పేవారు! వాళ్ళలాగే మీరూ ఆవిడకి పంపారు. ఆదివారం వస్తే ఇక్కడి బ్లూ మౌంటెన్స్ కొండలకి వెళ్ళి ఈ దేశపు బ్యాంక్సియాలూ పసుప్పచ్చని వాటిల్ పూలూ కోసుకొచ్చేవారు. నాకు ఒక్క రెమ్మ కూడా ఇచ్చిన పాపాన పోలేదు.

పార్సిల్‌లో ఏమున్నాయో తెలుసా? ఆ మొక్కల్ని మీరు ఒత్తిన కాగితాలు. అవి నా తెలుగు వారపత్రికలు! మన దేశం నుంచి ఓడలో రెండు నెలలకి వచ్చే పత్రిక కోసం కాచుకుని, "సీరియల్ ఆఖరి భాగం వచ్చిందా?" అని అడిగితే "ఇంకా రాలేదోయ్" అన్నారే, అదీ అందులోనే ఉంది, పసుప్పచ్చ మరకలతో.

"అమ్మా, ఇట్స్ జస్ట్ ఓల్డ్ పేపర్! ఆర్ యూ జెలస్?" అని నవ్వింది మన అమ్మాయి.

"నాకెందుకే జెలసీ!" అన్నాను.

ఆవిడ ఉత్తరం చూశాక మాత్రం ఒళ్ళు మండింది. నా సీరియల్ కథని మీరు భాగం భాగంగా ఆవిడకి రాసేవారట. ముగింపు చెప్పకుండానే వెళ్ళిపోయారట. ఆ కథలో పిల్ల చివరికి ఏమైందో కాస్త చెప్పమని నన్నడిగింది.

ఆఖరి భాగం రెండుసార్లు చదివాను. జవాబు ఇప్పుడే పోస్టులో వేసి వచ్చాను.

ఇంకా రాలేదని రాశాను.