కాళ్లకిచ్చిన నీళ్లు

నాన్నా,

మంచినీళ్ల కోసం విరాళాలు పోగుచేయడానికి ఈ ఉదయం మన ఊరి మీదుగా భావనపాడు తీరం దాకా నడక, పరుగు పెట్టారు. నేనూ నడిచాను, అందరికంటే వెనక.

మన ఇంటి ముందుకు రాగానే అమ్మ నీ ఇత్తడి చెంబుతో ఎదురొచ్చింది. మన నూతి నీళ్లే కారణమని అందరూ అనే కిడ్నీ జబ్బుతో నువ్వు పోయాక మేం కొన్న టిన్ను నీళ్లే తాగుతున్నాం. కానీ వచ్చినవాళ్లకు నిలవ నీళ్లివ్వడం అమ్మకు చిన్నతనం. అలవాటుగా నూతిలోంచి అప్పుడే తోడి తెచ్చింది.

ఒకమ్మాయి చెంబు అందుకోబోతే, ముందు నడుస్తున్నాయన ఆపాడు. "తాగకమ్మా! ఈ నీళ్ల గురించే కదా మన నడక."

ఎవరో నవ్వారు. అమ్మ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "గుమ్మం ముందరకొచ్చినోలకి నీలివ్వకపోతే ఎలాగ బాబూ?" అంది మెల్లగా.

నలుగురిలో నాకు నోరు పెగలదని ఏడిపించేవాడివి. "అవి కాళ్లు కడుక్కోవడానికండీ," అన్నాను, అందరికీ వినపడేలా.

అమ్మ నన్నొకసారి చూసింది. "మరి అలా నిలబడిపోయావేటే? తాగడానికి టిన్ను నీలు పట్టుకురా," అని కసిరింది.

అందరూ బూట్లు విప్పారు. అమ్మ వంగి పోసింది. నీళ్లు చల్లగా ఉన్నాయన్నారు.

తియ్యగా ఉంటాయని నువ్వనేవాడివి.