కుమారి మణికట్టు

అశ్వారావుపేట,
ఆదివారం

అమ్మా,

"దానికి భయమంటే ఏందో తెల్వదు, మగరాయుడి లెక్క పెరిగింది" అని పెద్దమ్మతో అన్నావట. అక్క ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు కరెంటు పోతే నేను ఏడవలేదు, బిగుసుకుపోయి కూర్చునేదాన్ని. మీరు దాన్ని ధైర్యమనుకున్నారు.

నువ్వెలా ఉన్నావు? నాన్న దగ్గు తగ్గిందా? నానమ్మ కంట్లో చుక్కలు వేయించుకుంటోందా? నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే నాన్న స్పీకర్ పెడతాడు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ రోజూ వాన. మిల్లులో పామాయిల్ గెలలు ఉడికే వాసన నా దుప్పటికి కూడా పట్టేసింది. ల్యాబ్‌లో పని తేలికే, నూనెలో తేమ చూసి రాయడం. మెస్‌లో పప్పు నీళ్లలా ఉంటుంది, అక్క వస్తే గోంగూర పచ్చడి పంపు. మొదటి నెల మాట్లాడే మనిషి లేక, పాత గోదాములో ఒక మేడమ్ జుజుత్సు నేర్పుతోందంటే వెళ్లాను. కుస్తీలాంటిదే, కొట్టుకోవడం ఉండదు. పట్టులో చిక్కినవాళ్లు చేత్తో రెండుసార్లు తడితే వెంటనే వదిలేయాలి. అక్కడే కుమారి దొరికింది. తోటలో రాలిన పామాయిల్ పండ్లు ఏరే పిల్ల. నా వయసే, నా బరువే.

పోయిన వారం మేడమ్ మణికట్టు పట్టు నేర్పింది. "మోచెయ్యి పడితే నొప్పి మెల్లగ ఎక్కుతది. గిది గట్ల కాదు, నొప్పి తెలిసేసరికి పని అయిపోతది. జల్దీ తట్టాలె" అని ముందే చెప్పింది. నేను కుమారి అరచేతిని లోపలికి మడిచాను. అది తట్టలేదు. పళ్లు బిగించి నవ్వుతోంది. నొప్పి లేదేమో అనుకుని ఇంకొంచెం నొక్కాను. లోపల ఏదో టక్కుమంది. చెవికి వినపడలేదు, నా వేళ్లకు తెలిసింది.

ఎముక విరగలేదు, నరం సాగిందన్నారు దవాఖానాలో. మూడు వారాలు కట్టు. మర్నాడు వాళ్లమ్మ మిల్లు గేటు దగ్గరికి వచ్చింది. తిట్టలేదు.

"చదువుకున్న పిల్లవి. మా పిల్ల నోరు మూసుకుంటే నొప్పి లేదనుకున్నవా?"



అప్పటినుంచి ల్యాబ్‌లో గాజు గొట్టం పట్టుకున్నా, తలుపు గడియ తీసినా వేళ్లలో ఆ టక్కే. పొద్దున్నే డ్యూటీకి ముందు వెళ్లి కుమారి బదులు పండ్లు ఏరుతున్నాను. అది గట్టు మీద కూర్చుని "గవన్నీ వదిలినవ్, కండ్లు ల్యాబ్‌ల పెట్టొచ్చినవా?" అని ఎక్కిరిస్తుంది. నిన్న, "కట్టు ఇప్పినంక మొదలు నీ చెయ్యే మడుస్త, సూస్కో" అంది.

"నేనింక ఆటకు రాను కుమారీ" అన్నాను.

దాని నవ్వు ఆగిపోయింది. "నువ్ రాకుంటే నా బరువుకు ఇంకెవలున్నరు? నేను ఇంట్లనే కూసోవాల్నా? ఈసారి తడ్త తియ్."

తడతానంటోంది. తట్టకపోతే? తట్టినా నాకు ఆ క్షణాన తెలియకపోతే? ఇది రాస్తుంటేనే అరచేతులు చెమటలు పట్టి కాగితం తడుస్తోంది.

నాన్నకు, నానమ్మకు దండాలు చెప్పు. మీ దీవెన ఈసారి నా చేతుల మీద ఉండనీ.

ఈ ఆటలు చాలించి మధిర వచ్చేయమని నాన్న అన్నాడట. నేను రావడం లేదు. కట్టు విప్పాక, మేడమ్ సరేనన్న రోజున, కుమారితో పట్టుకు దిగేది నేనే.

నీ బిడ్డ
స్రవంతి