టీపాట్ మీద రెండు చేతులు

తమ్ముడూ అలస్టర్,

ఇక్కడ అందరం కులాసా. తన పుట్టినరోజుకు నువ్వు రాలేదని నాన్న ఏమీ అనుకోలేదు, బెంగపడకు. అనుకునే తీరిక ఆయనకు లేదు.

సరస్సు పక్క హోటల్లో మాకు టీ ఇప్పించాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ టీతో స్కోన్ రొట్టెలు తింటున్న మనకు, ఏది ముందు తినాలో చెప్పడానికి గళ్ల లంగా కట్టుకున్న ఓ అమ్మాయి! "ఇంటి పెత్తనం ఎవరిదో ఆవిడే టీ పొయ్యాలండీ. ఒకే పాట్‌లోంచి ఇద్దరాడవాళ్లు పోస్తే ఇంట్లో గొడవలే" అంది. అమ్మ పోయినప్పటి నుంచీ పోసేది నేనే కదా, చెయ్యి చాచాను. నాన్న వెంటబెట్టుకొచ్చిన రోనా అనే ఆవిడా చాచింది.

"నువ్వు కూర్చో కర్స్టీ. ఇకనుంచి రోనా పోస్తుందిలే" అన్నాడు నాన్న. పెళ్లి కబురు చెప్పడం అంతే.

అవతలి ఒడ్డున అమ్మ సమాధి ఉన్న చర్చి కనబడుతోంది. నాన్న అటు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇక్కణ్ణుంచి ఎంత బాగా కనబడుతుందో కదమ్మా!" అంది రోనా.

"అవును. అక్కణ్ణుంచి మనమూ బాగానే కనబడుతుంటాం" అన్నాను.

ఆ తర్వాత ఎవరూ కేకు ముట్టలేదు.

పాపకు దగ్గు తగ్గిందా? నా ఊలు కోటు పంపించు, మళ్లీ ముసురు పట్టింది. మరదలికి, పిల్లలకు నా దీవెనలు.

కార్డులో ఇంక చోటు లేదు. అమ్మ టీపాట్ నీ దగ్గరే ఉంది కదా, రోనా కోసం పంపమని నాన్న రాస్తాడు. పగిలిపోయిందని చెప్పు. అబద్ధం ఆడలేకపోతే, పగలగొట్టి చెప్పు.

మీ అక్క,
కర్స్టీ