దారం కట్టిన సొరకాయ

1957 డిసెంబరు 3
గుడిబండ పక్క పల్లెకు వచ్చి రెండు దినాలు. మూడు నెలలు మగ్గం గుంతలో దిగొద్దన్నాడు హిందూపురం డాక్టరు. గుంత చెమ్మకే రొమ్ము పట్టేసిందంట. పల్లెగాలి, మంచి తిండి, రెస్టు. ధర్మవరంలో నా భార్య నీలావతి ఒక్కతే ఉండాది. ఉగాదికి ఇయ్యాల్సిన పెండ్లిచీర పడుగు మగ్గం మీదే ఉండాది. అంతవరకు ఆగుతానన్నాడు షావుకారు. తప్పితే ఇంక మాకు పని ఇయ్యడంట. నేనేమో మా అక్క కుళ్ళాయమ్మ పంచలో దుప్పటి కప్పుకొని కూర్చోనుండా.

డిసెంబరు 9
తిండి మాత్రం, అబ్బ! రాగిముద్ద, అప్పుడే తెంపిన అనపకాయల పులుసు, మీద నెయ్యి. నంజుకోను చెనిక్కాయ ఊరుబిండి. ఉప్పు తప్ప అంగట్లో ఏమీ కొనరు. బావ ఓబులేసు మగ్గం అమ్మి భూమి కొన్నప్పుడు పిచ్చోడన్నది నేనే. ఇప్పుడు ఆయప్ప పండించిందే తింటాండా. తిని ఏం చేయాల? మధ్యాన్నం గడవదు. చేతులు ఊరికే ఆడతాండాయి.

డిసెంబరు 14
ఈ పొద్దూ రెస్టే.

డిసెంబరు 28
సిగ్గుతో చస్తాండా. మొన్న పందిట్లో తిరుగుతా ఒక సొరకాయ తొడిమెకు ఎర్రదారం చూసినా. వదులు పోగు యాడ కనపడినా తీసేసే చెయ్యి కదా, తీసి పారేసినా. అది విత్తనానికి వదిలిన కాయంట. ఎవరూ తెంపకుండా గుర్తుకు కట్టిన దారమంట. దారం లేదని అక్క ఈ పొద్దు తెంపి కూర చేసింది. పంటికింద గింజలు గట్టిగా తగిలినాక అడిగింది. ఒప్పుకున్నా. తినే కంచం ముందర నుంచి లేసిపోయింది. వాళ్లత్త ఇచ్చిన విత్తనం, ఇరవై ఏండ్లుగా ఒక్క ఏడు తప్పలేదంట.
బావ పడీపడీ నవ్వినాడు. ఏమబ్బా, నీకు దారమే కనపడిందా, అంత కాయ కనపడలేదా అని. తిట్టింటే బాగుండు. ఆ నవ్వుకే మండిపోయింది నాకు.

డిసెంబరు 29
తెల్లారే పార ఎత్తుకున్నా. నాలుగు పాదులన్నా తవ్వకుంటే ఈ ఇంట్లో ముద్ద దిగదు.

1958 జనవరి 17
మిరప, వంగ నాటినాం. బావి తాడు నేనే లాగుతాండా. దగ్గు రాలే! రెండు ముద్దలు తింటాండా. అక్క కాయలు కాసిన నా చేతులు చూసి తిట్టింది. పట్టు పట్టే చేతులతో పార పడతావా, నీలావతి గతేం గావాలరా అని. వెన్న పూసి రుద్దింది. రెండు దినాల్లో మెత్తబడతాయిలే అన్నా. పడవని నాకూ తెలుసు. అయినా పార వదలబుద్ధి కాలే.

ఫిబ్రవరి 8
బావ ఈడనే ఉండిపొమ్మన్నాడు, బావి పక్క అరెకరా ఇస్తానని. కోపమొచ్చింది. మా నాయన మగ్గం ఏమైపోవాల అని అరిచినా. ఆమీట పొద్దు మునిగేదాకా ఆ అరెకరా చుట్టే తిరిగినా.

ఫిబ్రవరి 20
నీలావతి లెటరు. ఎప్పుడొస్తాండావని, ఒకే ముక్క.

మార్చి 4, హిందూపురం స్టేషను, పొద్దున 11
డాక్టరు రొమ్ము విని ఫస్టుక్లాసు అన్నాడు. ఉగాదికి ఇంకా రెండు వారాలుండాయి. ధర్మవరం రైలు ఇంకా రాలే. సంచి నిండా అక్క కట్టిచ్చిన వంకాయలు, చెనిక్కాయలు. సంతోషమో భయమో తెలీడంలే. మాటిమాటికీ అరచేతులు చూసుకుంటాండా. పక్కనున్న పెనుకొండాయన చేతికేమయిందని అడిగినాడు. ఏంలేదన్నా.

మార్చి 5, ధర్మవరం
గుంతలో దిగినా. ఊపిరి బాగనే ఆడింది. చెయ్యి పెట్టినచోటల్లా పట్టు తగులుకుంది. పదకొండు పోగులు తెగినాయి. నీలావతి నన్ను లేపి, తానే దిగింది.
కండెలకు పట్టన్నా చుట్టిస్తానన్నా. ముట్టుకోవద్దనింది.