పొట్ట మీదున్న అవ్వ వడ్లు

జిల్లా వ్యవసాయ అధికారి గారి సముఖమునకు, జగిత్యాల.

అర్జీదారు: రాజేందర్, తండ్రి కీ.శే. కొమురెల్లి, వయసు 49, వృత్తి వ్యవసాయం (తండ్రిది కల్లుకు తాళ్ళు గీసే వృత్తి), చిన్నగట్టుపల్లి, రాయికల్ మండలం.

విషయం: మా తల్లి చంద్రవ్వ ఆరు గుంటల్లో వేసుకున్న పాతకాలపు వరిని వచ్చే బుధవారం కోసివేయాలని ఉన్న తీర్మానాన్ని ఆపించుట గురించి. సదరు తీర్మానం రాసినది, సంతకం చేసినది అర్జీదారే అగుట గురించి.

అయ్యా,

నేను ఊళ్ళో నలుగురికి అర్జీలు రాసిపెట్టేవాడిని. నా కోసం రాసుకోవడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించి ఈ క్రింది సంగతులు పరిశీలించగలరు.

1. మా ఊళ్ళో కాలువ కింద పదకొండు కుటుంబాల వాళ్ళం ఒకే చెక్కగా యాసంగిలో ఆడ మగ వరి వేస్తున్నాము. తమరికి తెలియనిది కాదు, పై ఆఫీసుకు పోతే అక్కడివారికి తెలియాలని రాస్తున్నాను. ఆరు సాళ్ళు ఆడ వరి, రెండు సాళ్ళు మగ వరి. ఆడ వరికి సొంత పుప్పొడి ఉండదు, అది లేకుండా తయారుచేసిన విత్తనాన్నే కంపెనీ వారు మాకు పంపుతారు. పూత మీద ఉన్నప్పుడు పొద్దున పది దాటినాక నేనొక గట్టున, నా భార్య నవనీత ఒక గట్టున నిలబడి, తాడు పట్టుకుని మగ వరి మీద నుంచి గుంజుతాము. పుప్పొడి లేచి ఆడ వరి మీద పడుతుంది. అలా పట్టిన గింజే విత్తనంగా పోతుంది. వేరే వరి పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి పడితే ఆ గింజ కంపెనీకి పనికిరాదు. కనుక చుట్టూ వంద మీటర్ల లోపల అదే సమయంలో వేరే వరి పూయకూడదు.

2. మా తల్లి మడి సరిగ్గా మా చెక్క నడుమ ఉన్నది. ఇన్నేళ్ళు ఇబ్బంది రాలేదు. ఆమె మా అందరికన్నా నెల ముందు నాటేది, మా వరి పూతకొచ్చేసరికి ఆమె గింజ గట్టిపడేది. ఈసారి ఆమె కంటికి మోతిబిందు (శుక్లం) ఆపరేషన్ చేయించినాను. నెల రోజులు బురదలో దిగొద్దని కట్టడి చేసినవాడిని నేనే. ఆమె నెల రోజులు మంచంలో కూర్చుని, ముప్పై ఒకటో నాడు పోయి నాటుకున్నది. అప్పుడైనా నేను వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకోలేదు. ఆపరేషన్ మంచిగా అయిందని సంతోషంలో ఉంటిని. ఇప్పుడు ఆమె వరి పొట్ట మీద ఉన్నది, కంకి ఇంకా బయటపడలేదు. శుక్రవారం లోపల ఈనుతుంది. మా మగ వరి కూడా అప్పుడే.

3. విత్తన రైతుల కమిటీకి అధ్యక్షుడిని నేనే. వంద మీటర్ల లోపల వేరే వరి ఉంటే పూతకు ముందే కోసివేయాలని ప్రతి యేడు తీర్మానం నేనే రాస్తాను. నిరుడు కనకయ్య అనే రైతు తినడానికని ఐదు గుంటల్లో వేరే వరి వేసుకుంటే, అందరం పోయి పొట్ట మీద ఉండగానే కోసినాము. ఆ రోజు ఆయన గట్టు మీద కూర్చుని కోత అంతా చూసిండు. ఆ తర్వాత తీర్మానంలో ఒక వాక్యం నా తెలివితో కలిపినాను: "ఇందులో బంధుప్రీతి చూపబడదు." ఈ యేడు పాత తీర్మానం చూసి ఎత్తి రాసినాను. రాసేటప్పుడు అమ్మ యాదికి రాలేదు. దాని ప్రకారమే ఇప్పుడు అమ్మ మడికి బుధవారం పెట్టినారు.

4. కోసేస్తే ఏమవుతుంది, వచ్చే యేడు మళ్ళీ వేసుకోవచ్చు కదా అని తమరికి అనిపించవచ్చు. ఇది నా ప్రధాన మనవి కాబట్టి కొంచెం ఓపికతో చదవగలరు. నిరుడు కోతలప్పుడు చెడగొట్టు వాన పడి ఇంట్లో ఉన్న వడ్లు తడిసి మొలకెత్తినయి. మంచివి ఏరితే రెండు చాటలు తేలినయి. ఆ రెండు చాటలూ ఈసారి నారు కోసం అలికేసింది. ఇంట్లో గింజ లేదు. ఆమె వెల్గటూర్ దిక్కు తల్లిగారింటి నుంచి లగ్గమైన యేడు కొంగుకు కట్టుకుని తెచ్చుకున్న వడ్లు ఇవి. అక్కడికి పోయి అడుగుదామంటే ఆ ఊరే ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయింది. మునిగిన ఊరి వాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో తెలుసుకుని ఏడుగురికి ఫోన్ చేసినాను. ఒక ముసలాయన "ఆ వడ్ల బువ్వ యాదికి చేసినవురా" అని చాలాసేపు మాట్లాడిండు గానీ, గింజ ఎవరి దగ్గరా లేదు.

5. పాత విత్తనాలు దాచిపెట్టే ఒక ఆఫీసుకు ఫోన్ చేసినాను. మర్యాదగానే మాట్లాడినారు. రకం పేరు ఏమిటి అని అడిగినారు. పేరు లేదు, మా ఇంట్లో అవ్వ వడ్లు అంటాము అని చెప్పినాను. ఎవరు విడుదల చేసినారు అని అడిగినారు. మా అమ్మమ్మ అని చెప్పినాను. చివరకు, బాగా ముదిరిన గింజలు కిలో తీసుకొస్తే చూస్తామన్నారు. గింజ ముదరాలంటే ఇంకా నెల పైన నిలబడాలి. నిలబడటానికే నేను ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

6. సిరిసిల్ల దగ్గర తంగళ్ళపల్లిలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే నా దోస్తు మార్కండేయులును అడిగి రెండు తాన్ల పాలిస్టర్ బట్ట తెచ్చి, మడి చుట్టూ గుంజలు పాతి, మనిషి ఎత్తుకన్నా పైకి పరదా కట్టినాను. ఊళ్ళో వాళ్ళు మడికి లగ్గం చేస్తున్నవా అని నవ్వినారు. కోరుట్ల నుంచి వచ్చే మా ఆర్గనైజర్ దశరథం (కంపెనీకీ మాకూ మధ్యవర్తి) నవ్వలేదు. ఫోటో తీసి పైకి పంపిండు. "అన్నా, నాకైతే సరే అనిపిస్తుంది. కానీ వాళ్ళ కాయితంల పరదా అని లేదు" అన్నడు. అదే రోజు సాయంత్రం గాలిదుమారం వచ్చి బట్ట సగం చిరిగి కాలువలో పడ్డది.

7. కనకయ్య ఇంటికి పోయి కూర్చున్నాను. ఛాయ్ పోసి చెప్పిండు: "నాది కోసినప్పుడు రూల్ అన్నవు. నేను గూడ గదే అంటున్న. నీ మీద కోపం లేదన్నా. పదకొండు ఇండ్ల పంట అది." ఛాయ్ తాగి ఇంటికి వచ్చినాను.

8. ఆడ వరిని నేను తిట్టలేను. నా ఇంటి మీద స్లాబు అదే వేసింది. కానీ అమ్మ మొన్న గట్టు మీద నిలబడి మేము తాడు గుంజే చోటు చూసుకుంటూ అన్నది: "దానికి దాని మగపాలు లేకుంట జేస్తిరి. మల్ల మీరే తాడు గుంజి సంసారం జేపిస్తరు. దాన్ని ఎవలన్న అడిగిన్రా కొడుకా? నా వడ్లు ఎవ్వల జోలికి పోయినయి?" మా నాయిన మగ తాళ్ళూ ఆడ తాళ్ళూ రెండూ గీసినవాడు. దేని కల్లు ఎప్పుడు పారుతుందో చెట్టు చూసి చెప్పేవాడు, కానీ చెట్టును మార్చాలనే ఆలోచన ఆయనకు ఎన్నడూ రాలేదు. మాకు వచ్చింది. వచ్చి బాగుపడ్డాము. దానికి అడ్డమని ఒక ముసలామె ఆరు గుంటలు కోయడం న్యాయమా కాదా అని నేను తీర్మానంలో ఎక్కడా రాయలేదు, రాయాలని కూడా తెలియలేదు.

కావున తమరు దయతో ఒక మనిషిని పంపి మడి చూపించి, పరదా గట్టిగా కడితే చాలునని ఒక్క కాగితం ఇప్పించవలెను. అది కుదరకపోతే, పొట్ట మీద ఉన్న పైరును బురదతో సహా పెళ్ళగించి వేరే చోట పెట్టి బతికించే ఉపాయం ఉంటే చెప్పించవలెను. పెద్ద కుండీల్లో పెట్టి మిద్దె మీదికి ఎక్కించమన్నా ఎక్కిస్తాను. అదీ కుదరకపోతే తమరే మా తల్లికి చెప్పవలెను. నాకు నోరు వస్తలేదు. ఇన్నిటినీ తమరు చిత్తగించి బుధవారం లోపల ఏదో ఒకటి సెలవియ్యవలెనని ప్రార్థన.

ఇట్లు,
చదవకుండా సంతకం పెట్టరాదని ఆలస్యంగా తెలుసుకున్న తమ విధేయుడు,
రాజేందర్

తా.క. అయ్యా, ఈ కింది నాలుగు ముక్కలు కలెక్టరాఫీసుల అర్జీలు తీసుకునే ప్రజావాణి లైన్ల నిలబడి రాస్తున్న. ముందటి మనిషి వీపు మీద కాయితం పెట్టి రాస్తున్న, అక్షరాలు వంకర పోతున్నయి. ఇప్పుడే నవనీత ఫోన్ చేసింది. అమ్మ పొద్దుగాల్నే కొడవలి పట్టుకొని మడికి పోయిందట. నవనీత ఉరికేసరికి ఐదు గుంటలు కోసిందట. కొడవలి గుంజుకోబోతే, "వాడు సంతకం పెట్టిండు. నల్గుట్ల వాని మాట పోవద్దు. నేను కోస్తె ఎవ్వడేమనడు" అన్నదట. కడమ గుంట గూడ కోసి, మోపు కట్టి, బర్రెకు ఏసిందట.

ఫోన్ అమ్మకు ఇయ్యమన్న. "ఎండల నిలబడకు కొడుకా, ఇంటికి రా" అన్నది.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడిగేది ఏం లేదు సారు. పైన రాసినయన్ని కొట్టేయొచ్చు. కానీ లైన్ల నుంచి బయటికి రాబుద్ధి అయితలేదు. అర్జీ తీసుకోండ్రి, తీసుకొని దాని మీద గట్టిగ మొహరు గుద్ది రశీదు ఇయ్యండ్రి. మా అమ్మకు చదువు రాదు. మొహరు చూస్తే నమ్ముతది, నేను అడుగనీకి వచ్చిన అని.