నీ బల్ల మీద కంప్యూటర్

అన్నయ్యా,

ఈరోజు రాజమండ్రిలో మీ బ్యాంకు బ్రాంచికి కంప్యూటర్ వచ్చింది. వడ్డీలు లెక్కకట్టే ప్రోగ్రాం రాసింది నేనే. "అదొస్తే మా కుర్చీలు పోతాయే" అని నాతో పోట్లాడి, నల్లబ్యాడ్జీ పెట్టుకుని నువ్వు గేటు దగ్గర నినాదాలిచ్చిన బ్రాంచే.

మిషన్ నీ బల్ల మీదే పెట్టారు. "అన్నయ్యగారు పోయాక ఖాళీగానే ఉందండి" అన్నారు మేనేజరుగారు.

కొబ్బరికాయ కొట్టాక ప్యూను సూర్రావు మిషన్‌కి బొట్టు పెట్టాడు. అదే చేత్తో నా ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీకీ పెట్టాడు. తడి కుంకుమ సరిగ్గా కవరు సందులో కనిపించే డిస్కు మీద పడింది. మిషన్ దాన్ని చదవలేదు. మీ యూనియన్ వాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

"ఇప్పుడేంటండీ?" అన్నారు మేనేజరుగారు.

పరీక్షకి రెండు పెన్నులు పట్టుకెళ్ళమని నన్ను సతాయించేవాడివి. సంచిలోంచి అదే ప్రోగ్రాం ఉన్న రెండో ఫ్లాపీ తీశాను. మిషన్‌లో పెట్టాను. అది కాసేపు గరగరలాడాక తెర మీద అంకెలు వచ్చాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇంక కూర్చోండమ్మా" అని మేనేజరుగారు నీ కుర్చీ లాగారు.

సాయంత్రం దాకా నిలబడే పనిచేశాను.